బ్రావో టూ జీరో: ఆ రాత్రి నడిచింది ఇరవై కిలోమీటర్లా, రెండా?

తుంగభద్రతీరం

1991 గల్ఫ్ యుద్ధం మీద వచ్చిన సైనికుల పుస్తకాల్లో ఆండీ మెక్‌నాబ్ ‘బ్రావో టూ జీరో’ (1993) చదవనివాళ్లు ఇక్కడ తక్కువే ఉంటారు. అదే దళంలో ఉన్న క్రిస్ రయాన్ 1995లో తన కథ రాశాడు. మూడోవాడు మైక్ కోబర్న్‌ది 2004లో వచ్చింది. ముగ్గురివీ మారుపేర్లే. మధ్యలో 2002లో మైకేల్ ఆషర్ ఇంకోటి వేశాడు. ఈయనా పాత ఎస్‌ఏఎస్ (బ్రిటిష్ సైన్యపు ప్రత్యేక దళం) మనిషే, కానీ ఆ దళంలో లేడు. ఆ చోటికే వెళ్లి, నేలంతా కాళ్లతో కొలిచి, అక్కడి బెదూయిన్లతో (ఎడారి సంచార జనంతో) మాట్లాడి రాశాడు. నాలుగూ పక్కపక్కన పెట్టుకుంటే ఒకే ఘటన గురించి చదువుతున్నట్టు ఉండదు.

చదవనివాళ్ల కోసం రెండు ముక్కల్లో: బ్రిటిష్ ఎస్‌ఏఎస్ బి స్క్వాడ్రన్ నుంచి 8 మంది, ఆ దళం రేడియో పిలుపు పేరే బ్రావో టూ జీరో. జనవరి 22 రాత్రి చినూక్ హెలికాప్టర్ వాళ్లను వాయవ్య ఇరాక్‌లో దించింది. పెద్ద రోడ్డు మీద కన్నేసి ఉంచడం, ఇరాక్ స్కడ్ క్షిపణుల లాంచర్ల జాడ చెప్పడం, భూమిలో వేసిన కేబుల్ దొరికితే తెంచడం వాళ్ల పని. 24 సాయంత్రానికే జనం కంట పడ్డారు. అక్కణ్నుంచి సిరియా సరిహద్దు వైపు కాలినడక. ముగ్గురు చనిపోయారు, నలుగురు పట్టుబడ్డారు, రయాన్ ఒక్కడే దాటాడు.

కథ బాగుందా లేదా అన్న చర్చ ఇప్పటికే బోలెడు జరిగింది. బరువు, దూరం, రేడియో, చలి: వీటి మీద పట్టున్నవాళ్లు ఒక్కో పుస్తకంలో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో చెప్తే బాగుంటుంది.

రాత్రిబండి

బాసూ, పుస్తకాన్ని పుస్తకంలా చదవండి. పట్టుకుంటే తెల్లారేదాకా వదలదు. బందీగా ఉన్నప్పటి అధ్యాయాలు ఇంకెవరూ అలా రాయలేదు. స్కేలు పెట్టి కొలుస్తూ కూర్చుంటే ఇక చదవడం దేనికి?

కంకరబాట

రాత్రిబండి గారూ, స్కేలు మనం పెట్టక్కర్లేదు, ఆయనే పెట్టుకున్నాడు. ఒక్కొక్కరి మీద 95 కిలోలు అన్నాడు, మొదటి రాత్రి 20 కి.మీ. నడిచాం అన్నాడు. అంకె రాశాక లెక్క అడగడం పాఠకుడి హక్కు.

ముందు బరువు చూద్దాం. అమెరికన్ సైన్యం కాలినడక మీద 1990లో వేసిన మాన్యువల్లో మూడు అంచెలున్నాయి. పోరాటానికి దిగేటప్పుడు 22 కిలోలు. శత్రువు వైపు నడిచేటప్పుడు 33 కిలోలు. వేరే దారే లేనప్పుడు మాత్రం 54 నుంచి 68 కిలోలు, అదీ రోజుకు 20 కి.మీ. మించకుండా. అది దాటితే మోకాళ్లు, చీలమండలు పోతాయి, భుజం పట్టీ ఒత్తిడికి నరం నలిగి చెయ్యి తిమ్మిరెక్కి పైకి లేవదు. 80 కిలోల మనిషి 95 కిలోలు వీపున వేసుకుంటే కూర్చున్నచోటి నుంచి తనంతట తాను లేవలేడు, ఇద్దరు లేపాలి.

అయినా 95 అన్నది పచ్చి అబద్ధం అనను. బెర్గెన్ సంచి, నడుం పటకా సామాను, తుపాకీ, తూటాలు, రాకెట్లు కలిపి 60-65 అనుకోండి. 20 లీటర్ల నీళ్ల జెర్రీ క్యాన్ ఖాళీ డబ్బాతో కలిపి 24. తిండి, అదనపు సరుకు కుక్కిన గోనెసంచులు ఇంకో ఏడెనిమిది. తలా ఒక్కరి వాటా 95కు వస్తుంది. ఆ వాటా అంతా ఒకేసారి ఒకే వీపు మీద ఉందా అన్నదే ప్రశ్న. లేదని వాళ్ల పుస్తకాలే చెప్తున్నాయి.

వాళ్లు చేసింది దఫాల మోత. నలుగురు బెర్గెన్లతో సుమారు 300 మీటర్లు ముందుకు పోయి దించి కాపలా కూర్చుంటారు. మిగతా నలుగురు వచ్చి కలుస్తారు. మొదటి నలుగురు వెనక్కి పోయి క్యాన్లు తెస్తారు, తర్వాత రెండో నలుగురు. మెక్‌నాబ్, రయాన్ ఇద్దరూ ఇదే పద్ధతి చెప్పారు. అంటే ముందుకు జరిగిన ప్రతి 300 మీటర్లకూ ఒక్కో మనిషి 900 మీటర్లు నడవాలి.

ఇప్పుడు 20 కి.మీ.ను మూడుతో గుణించండి. 60 కి.మీ. అందులో మూడింట రెండొంతులు బరువుతో, చీకట్లో, చప్పుడు చేయకుండా, ప్రతి మజిలీలో కాపలాకు ఆగుతూ. తెల్లారేలోగా చేతిలో 10 గంటలు ఉన్నాయనుకున్నా గంటకు 6 కి.మీ. ఖాళీ చేతులతో తారు రోడ్డు మీద చురుగ్గా నడిచే వేగం అది. రయాన్, కోబర్న్ ఇద్దరూ 2 కి.మీ. అని రాశారు. అలాగైతే 6 కి.మీ. నడక, ఏడు మజిలీలు, మూడు నాలుగు గంటల పని. అది మనుషులు చేయగలిగేది. పైగా సామాను బరువు చూసే హెలికాప్టర్‌ను అంత దగ్గర దింపమన్నాం అని రయాన్ కారణం కూడా ఇచ్చాడు.

మానేరు

గట్ల లెక్క జెప్తే ఇంకేం మాట్లాడుతం. కని నాకొక్కటి సమజ్ గాలె. గంత సామాను ఉన్నప్పుడు బండ్లు ఎందుకు తీస్కపోలే? ఎస్‌ఏఎస్ వాళ్లకు ల్యాండ్ రోవర్లు లేవా ఏంది?

ఇసుకతిన్నె

ఉన్నాయి మానేరు అన్నా. అప్పటి ఎస్‌ఏఎస్ రెజిమెంటల్ సార్జెంట్ మేజర్ పీటర్ రాట్‌క్లిఫ్ 2000లో తన పుస్తకంలో ఇదే గట్టిగా పట్టుకున్నాడు. బండ్లు తీసుకెళ్లమని తానూ, కమాండింగ్ ఆఫీసరూ చెప్పినా దళం వద్దందని రాశాడు. మెక్‌నాబ్ వాదన వేరు. చదునైన నేల మీద బండి దాచడం కష్టం, పొంచి ఉండి చూసే పనికి కాలినడకే మేలు అని.

ఆ వాదనను తోసిపుచ్చే ముందు అదే స్క్వాడ్రన్ నుంచి అదే పనికి పోయిన మిగతా రెండు దళాల సంగతి చూడండి. ఒకదాని నాయకుడు దిగీ దిగగానే చుట్టూ చూసి, ఇక్కడ దాక్కోవడం కుదరదని అదే హెలికాప్టర్‌లో వెనక్కి వచ్చేశాడు. ఇంకో దళం బండ్లతో దిగింది, నేల పనికిరాదని తేల్చుకుని సౌదీ దాకా నడుపుకుంటూ తిరిగొచ్చింది. చలికి ఒళ్లు దెబ్బతిన్నా మనుషులు దక్కారు. మూడు దళాలకూ ఒకే రకం నేల, ఒకే వాతావరణం. ప్రాణనష్టం కాలినడకన ఉండిపోయిన దళానికే.

బండి ఉంటే గొప్పగా పోరాడేవాళ్లని కాదు. బండి అంటే నీళ్లు, దుప్పట్లు, బరువైన మెషిన్ గన్, అన్నిటికీ మించి వెనక్కి రావడానికి వేగం. వాళ్ల పథకం రెండు వారాలకు. మనిషికి రోజుకు 4 లీటర్లు వేసుకుంటే 56 లీటర్లు కావాలి. వాళ్ల దగ్గర తలా ఒక క్యాను, నీళ్ల సీసాలు. ఆ లెక్క ఆపరేషన్ మొదలవకముందే తేడా కొడుతోంది.

రాత్రిబండి

దిగిన వెంటనే వెనక్కి వచ్చినవాడు పుస్తకం రాస్తే ఎవరు కొంటారు చెప్పండి :)

ఇసుకతిన్నె

కొనరు. అందుకే ఆ ముగ్గురు నాయకుల్లో సరైన నిర్ణయం తీసుకున్నవాడి పేరు మనలో ఎవరికీ గుర్తులేదు.

ఏరియల్‌తీగ

రేడియో సంగతి నేను అందుకుంటాను. వాళ్ల ప్రధాన సెట్టు పీఆర్‌సీ-319, హెచ్‌ఎఫ్, అంటే షార్ట్‌వేవ్ రేడియో. తప్పు ఫ్రీక్వెన్సీలు ఇచ్చారు, కువైట్ వైపు పనికొచ్చేవి మా చేతిలో పెట్టారు అన్నది మెక్‌నాబ్ ఫిర్యాదు. దాన్ని చాలామంది పాఠకులు ‘స్టేషన్ నంబరు తప్పు’ అన్నట్టు అర్థం చేసుకుంటారు. హెచ్‌ఎఫ్ అలా పనిచేయదు.

ఎండు కంకర నేల మీద నేలను అంటి పోయే తరంగం కొన్ని పదుల కిలోమీటర్లలో చచ్చిపోతుంది. వందల కి.మీ. దూరంలోని బేస్‌కు చేరాలంటే తరంగం పైకి పోయి అయనోస్ఫియర్‌లో (వాతావరణం పైభాగంలోని విద్యుదావేశ పొరల్లో) వంగి కిందికి రావాలి. ఎంత ఫ్రీక్వెన్సీ వంగుతుందన్నది పగలా రాత్రా, ఏ నెల, సూర్యుడి మీద మచ్చలు ఎన్ని, బేస్ ఎంత దూరం అన్నవాటి మీద ఉంటుంది. ఎక్కువ ఫ్రీక్వెన్సీ పెడితే వంగకుండా అంతరిక్షంలోకి పోతుంది. మరీ తక్కువ పెడితే పగలు కింది పొర మింగేస్తుంది, రాత్రి గరగరల్లో కలిసిపోతుంది. అందుకే పగటికొకటి, రాత్రికొకటి, సంధ్యలకు వేరే ఒకటి రాసిస్తారు. 1991 సూర్యుడి మచ్చలు బాగా ఎక్కువున్న కాలం, పైగా జనవరి. పగటికీ రాత్రికీ తేడా విపరీతంగా ఉంటుంది. పగటి ఫ్రీక్వెన్సీని రాత్రి పట్టుకు కూర్చుంటే పని జరగదు.

కువైట్‌కూ వాళ్లున్న చోటికీ అక్షాంశం తేడా నాలుగైదు డిగ్రీలే. అందువల్ల ‘వేరే ప్రాంతం ఫ్రీక్వెన్సీ’ అన్నంత మాత్రాన సెట్టు మూగబోదు. అసలు మారేది బేస్‌కు దూరం, దాంతో పాటు తరంగం పైకి లేచే కోణం. 100 కి.మీ.కు వేసిన లెక్క 400 కి.మీ.కు సరిపోదు.

రెండోది ఏరియల్. సగం తరంగం పొడవు తీగ కట్టాలంటే 143ని మెగాహెర్ట్జ్‌తో భాగించండి. 5 మెగాహెర్ట్జ్‌కు 28.6 మీటర్ల తీగ. నేల నుంచి రెండు మూడు మీటర్ల ఎత్తులో అడ్డంగా కట్టినా దగ్గరి దూరాలకు బాగానే పోతుంది. కానీ వాళ్లున్నది ఎండిపోయిన వాగులో, ఇరుకు గోడల మధ్య. పైన కొన్ని వందల మీటర్ల దూరంలో విమాన విధ్వంసక ఫిరంగులు. తీగను గట్టు మీదికి ఎక్కిస్తే కనబడుతుంది, రాళ్ల మీద పరిస్తే సగం శక్తి నేల తాగేస్తుంది. ఫ్రీక్వెన్సీ కాగితం ఎంత సరైనదైనా ఈ చోట సెట్టు కుంటుతుంది. ఈ విషయం మీద ఏ పుస్తకంలోనూ రెండు పేరాలు మించి లేవు. నా దృష్టిలో మొత్తం కథలో అతి ముఖ్యమైన పేజీ రాయకుండా వదిలేశారు.

తుంగభద్రతీరం

ఏరియల్‌తీగ గారూ, 2002లో బీబీసీ చెప్పింది దీనికి అడ్డం రాదా? దళం పంపిన సందేశాలు రెజిమెంట్ లాగ్‌లో నమోదయ్యాయనీ, కాబట్టి ఫ్రీక్వెన్సీల్లో తప్పేమీ లేదనీ కదా ఆ కథనం.

ఏరియల్‌తీగ

అడ్డం రాదండీ, ఇంకాస్త స్పష్టం చేస్తుంది. హెచ్‌ఎఫ్‌లో ఒకవైపు పోయి రెండోవైపు రాకపోవడం మామూలే. బేస్‌లో పెద్ద ఏరియల్, నిశ్శబ్దమైన చోటు, రాత్రింబవళ్లు వినే మనుషులు. అక్కడ బలహీనమైన సంకేతం కూడా అందుతుంది. దళం వైపు చిన్న తీగ, చుట్టూ శత్రువు జామింగో యుద్ధకాలపు గోలో. అందింది అన్న జవాబు వీళ్లకు వినబడకపోతే వీళ్ల లెక్కలో రేడియో చచ్చినట్టే. ‘మా మాట ఎవరూ వినలేదు’ అన్న మెక్‌నాబ్ వాక్యం తప్పు కావచ్చు, ‘మాకు జవాబు రాలేదు’ అన్నది నిజం కావచ్చు. ఇక బయల్దేరే ముందు సెట్టు పరీక్షించుకోవడం దళ నాయకుడి బాధ్యత అని రాట్‌క్లిఫ్ అన్నాడు, అదీ న్యాయమే.

చేతిలో పట్టే అత్యవసర బీకన్ (ఆపదలో పిలిచే చిన్న రేడియో) సంగతి కూడా. దాని పేరు టాక్‌బీ. నొక్కితే 15 సెకన్లలో ఎవాక్స్ (రాడార్ నిఘా) విమానం పలుకుతుందని వాళ్లకు చెప్పి పంపారు. అది దృష్టిరేఖ మీద నడిచే రేడియో. విమానం 9 కి.మీ. ఎత్తులో ఉంటే చదును నేల మీద గరిష్ఠంగా 390 కి.మీ. దాకా ‘కనబడుతుంది’. అంతకంటే దక్షిణాన, సౌదీ లోపల గిరికీలు కొట్టే విమానానికి వాగులోంచి పలికితే చేరే ఆశే లేదు. తలమీద పోయే ఫైటర్ విమానాలను పిలవడానికి అది పనికొస్తుంది. 24 రాత్రి మెక్‌నాబ్ చేస్తున్నది అదే. ఆ కాసేపట్లోనే ముందు నడుస్తున్న ముగ్గురూ ఆగకుండా పోయి దళం రెండుగా చీలింది.

కంకరబాట

సంబంధాలు తెగిపోతే హెలికాప్టర్ ఫలానా చోటికి రావాలన్న ఏర్పాటు కూడా ఉంది కదా. వీళ్లు పోయారు, అది రాలేదు. దారిలో పైలట్‌కు జబ్బు చేసి వెనక్కి తిప్పాడని రాట్‌క్లిఫ్ రాశాడు. రేడియో ఉండి ఉంటే ‘ఈ రాత్రి కాదు, రేపు’ అని ఒక్క ముక్క చెప్పేవాళ్లు. రేడియో పోయినప్పటి కోసం పెట్టుకున్న ఏర్పాటు కూడా రేడియో లేకే దెబ్బతింది.

వేడినీళ్లు

చలి గురించి ఒకటి రాయాలి. చనిపోయిన ముగ్గురిలో ఒకడైన విన్స్ ఫిలిప్స్ విషయంలో పాఠకులు చేసే అన్యాయం నాకు మింగుడుపడదు.

ముగ్గురిలో తూటాకు పోయింది ఒక్క బాబ్ కొన్సిలియో. ఫిలిప్స్, స్టీవ్ లేన్ ఇద్దరూ చలికే పోయారు. లేన్ యూఫ్రటీస్ ఈదాక. నీళ్లు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగుతాయి. జనవరి చివర్లో ఆ నదిలో దిగి, అవతలి గట్టున తడిబట్టలతో నిలబడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఫిలిప్స్‌ది నెమ్మదిగా జరిగిన చావు. అది ఎలా నడుస్తుందో క్రమంగా చెప్తాను. బెర్గెన్లు వదిలేసి పరుగు తీశారు, వెచ్చని బట్టలు వాటిలోనే ఉండిపోయాయి. రాత్రంతా వేగంగా నడిచారు కాబట్టి లోపలి బట్ట చెమటకు తడిసింది. పగలు లోతులేని గుంటలో కదలకుండా పడుకున్నారు, పైన వాన, మంచు. గాలి 0 డిగ్రీల దగ్గర ఉండి గంటకు 40 కి.మీ. వేగంతో వీస్తే చర్మానికి అది మైనస్ 7 లాంటిది. తడిబట్టకు వేడిని ఆపే గుణం ఉండదు.

ఒంటి లోపలి వేడి 35కు దిగితే వణుకు ఉధృతంగా ఉంటుంది, వేళ్లు బొత్తాం పట్టుకోలేవు. 33 దగ్గర మాట ముద్దగా వస్తుంది, చిరాకు, కాళ్లు తడబడటం, ‘నన్నొదిలేయండి, నిద్రపోతా’ అనడం. 32 కిందికి పోతే వణుకు తగ్గుతూ పోతుంది. పక్కవాడు దాన్ని చూసి తేరుకున్నాడనుకుంటాడు, కానీ ఒళ్లు వేడి పుట్టించుకోవడం మానేసిందని దాని అర్థం. కొందరు ఆ దశలో వేడిగా ఉందని బట్టలు విప్పేస్తారు కూడా.

పుస్తకాల్లో, ముఖ్యంగా రయాన్‌దాంట్లో, ఫిలిప్స్ మీద వేసిన మాటలు ఇప్పుడు చదవండి. వెనకబడ్డాడు, ఉత్సాహం లేదు, జాగ్రత్త లేదు, కునికాడు. ఇవి గుణదోషాలు కావు, 33 డిగ్రీల దగ్గర ఎవరైనా చేసేవి. బలం, అనుభవం అన్నీ ఉన్నవాడు కూడా చేస్తాడు. వాళ్లలో పెద్దవయసువాడు, సార్జెంటు, దళంలో రెండో స్థానం ఆయనది. చనిపోయినవాడు తన పుస్తకం రాయలేడు కాబట్టి ఆ పేరు అలాగే ఉండిపోయింది. కుటుంబం బాధపడింది. ఆషర్ పుస్తకం పుట్టడానికి ఇదొక కారణం.

ఆ పరిస్థితిలో చేయగలిగింది కూడా రాస్తాను, ట్రెక్కింగ్‌కు పోయేవాళ్లకు పనికొస్తుంది. ముందు గాలి ఆపాలి. కింద, అంటే ఒంటికీ నేలకూ మధ్య ఏదైనా పరవాలి. పైన ఎంత కప్పినా నేల లాగేస్తుంది. తడి లోబట్ట తీసేయాలి. ఇద్దరు మనుషులు అటూ ఇటూ ఒరుసుకుని పడుకోవాలి. మింగగలిగితే తియ్యటి వెచ్చని నీళ్లు. చేతులు కాళ్లు రుద్దకూడదు, చల్లని నెత్తురు గుండెకు చేరుతుంది. మందు పోయకూడదు, చర్మం వెచ్చబడ్డట్టు అనిపించి లోపలి వేడి పోతుంది. వణుకు ఆగినవాణ్ని లేపి నడిపించకూడదు. ఆ చివరిది శత్రువు మధ్యలో ఉన్నవాళ్లకు సాధ్యం కాదు, అందుకే అక్కడ చలి అంత ప్రాణాంతకం.

మానేరు

అక్కా మంచిగ జెప్పినవ్. కని రయాన్ ఆడ ఉన్నడు, మనం లేము. ఆయన కండ్లతోని చూసింది రాసిండు. అబద్ధం రాసిండంటమా?

వేడినీళ్లు

అబద్ధం అనట్లేదు తమ్ముడూ. చూసింది నిజమే, చెప్పిన కారణం తప్పు. ఆయనకూ అదే చలి, అదే ఆకలి, ఆయన బుర్ర కూడా చల్లబడుతున్న బుర్రే. అప్పుడు పుట్టిన చిరాకును నాలుగేళ్ల తర్వాత వెచ్చని గదిలో కూర్చుని తీర్పుగా మార్చడం దగ్గర నాకు అభ్యంతరం. ఆయన నడక మాత్రం కాదనలేనిది. ఎనిమిది రోజుల్లో దాదాపు 300 కి.మీ.

పాతఅట్లాసు

ఆషర్‌ను అందరూ తీర్పరిలా నెత్తిన పెట్టుకుంటున్నారు, ఆయన్ని కూడా కొలవాలి. ఆయన వెళ్లింది 2001లో, సద్దాం హయాంలో, ప్రభుత్వం అనుమతితో. పదేళ్ల తర్వాత ఒక బెదూయిన్ కుటుంబం ఏం చెప్తుంది? ‘మేం ఇద్దరు ముగ్గురమే, హెచ్చరికగా కాల్చాం, వాళ్లూ కాల్చి పారిపోయారు, సైన్యమే లేదు’ అని. ఆ మాటలో వాళ్లకూ గౌరవం ఉంది: అంత పేరున్న దళాన్ని మేమే తరిమాం అని.

అయినా ఆయన వైపు మొగ్గే అంశాలు మూడు. నేల కొలత 2 కి.మీ.తో సరిపోయింది, అది మనిషి జ్ఞాపకం మీద ఆధారపడదు. దళాన్ని ఎవరు ముందు చూశారన్న దానిలో, పుస్తకాల్లో చెప్పిన గొర్రెలు కాసే కుర్రాడు కాదు, బుల్డోజర్ నడిపినతను అని బెదూయిన్లు అన్నారు. మెక్‌నాబ్ పుస్తకంలోనూ బుల్డోజర్ ఉంది, ట్యాంకు అనుకుని రాకెట్లు సిద్ధం చేసుకుంటే అది వీళ్లను చూసి వెనక్కి పోతుంది. అంటే ఇద్దరి కథా ఒక బుల్డోజర్ దగ్గర కలుస్తోంది. మూడోది సాయుధ శకటాల లెక్క. మెక్‌నాబ్‌లో చాలా, కోబర్న్‌లో ఒక్కటి, ఆషర్‌లో సున్నా. అక్కడే ఉన్న ఇద్దరి మధ్యే ఇంత తేడా ఉంటే పోరాటం అధ్యాయాన్ని సినిమాగానే తీసుకోవాలి.

రాత్రిబండి

250 మంది ఇరాకీలు చనిపోవడమో గాయపడటమో జరిగిందన్న ముక్క గురించి ఎవరూ అడగరేం? నేనే అడుగుతున్నా, ఎగతాళికి కాదు.

పాతఅట్లాసు

అడగాల్సిందే. అది ఆయన కళ్లతో లెక్కపెట్టింది కాదు, తర్వాత నిఘావాళ్లు వేసిన అంచనా అన్నట్టు చెప్పాడు. చీకట్లో పారిపోతూ కాల్చినవాడికి పడినవాడెవడో దాక్కున్నవాడెవడో తెలియదు. ఇది ఒక్క ఎస్‌ఏఎస్ జబ్బు కాదు. ఆ యుద్ధంలోనే పైలట్లు స్కడ్ లాంచర్లను ధ్వంసం చేశామని ఎన్నోసార్లు చెప్పారు. తర్వాత అమెరికన్ వైమానిక దళం చేయించిన సమీక్షలో విమానాలు కొట్టిన కదిలే లాంచర్ ఒక్కటి కూడా ధ్రువపడలేదు. డమ్మీలు, ట్యాంకర్ లారీలు రాత్రిపూట కెమెరాలో అచ్చం లాంచర్‌లాగే కనిపిస్తాయి.

ఆఫ్ఘనిస్థాన్‌లో 2005 జూన్ ఆపరేషన్ రెడ్ వింగ్స్ మీద అమెరికన్ నేవీ సీల్ (కమాండో) మార్కస్ లట్రెల్ రాసిన దాంట్లోనూ ఇదే గొడవ. దాడి చేసినవాళ్లు వంద దాటారని పుస్తకం, అంతకంటే చాలా తక్కువని సైనిక వర్గాల అంచనాలు. అక్కడ పోయిన 19 మంది లెక్కలో మాత్రం ఎవరికీ తేడా లేదు. మనవైపు లెక్క ఖచ్చితంగా ఉంటుంది, అవతలి లెక్క పుస్తకం పుస్తకానికీ ఉబ్బుతుంది. అందుకే నేను అవతలి అంకె కనబడగానే పేజీ తిప్పేస్తా.

గోదారిగట్టు

చిన్న పక్కమాట అండీ. ఆ పశ్చిమ ఇరాక్ ఎడారి రోడ్డు మనవాళ్లకు తెలియనిది కాదు. 1990లో సద్దాం కువైట్ ఆక్రమించాక అక్కడున్న కడప, గోదావరి జిల్లాల వాళ్లతో సహా భారతీయులు బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరి, ఎయిరిండియా విమానాల్లో వచ్చారు. లక్ష మందికి పైనే. అది వేసవి ఎండ, వీళ్లది శీతాకాలం. ఎడారి అనగానే ఎండే గుర్తొచ్చి, చలిబట్టలు తక్కువ తీసుకెళ్లింది ఒక్క బ్రిటిష్ దళమే కాదనిపిస్తుంది.

అసలు ప్రశ్న: ఇన్ని పుస్తకాలు రాస్తుంటే వాళ్ల రక్షణశాఖ ఊరుకుందా?

సెక్షన్‌పన్నెండు

ఊరుకోలేదు. మెక్‌నాబ్, రయాన్ పుస్తకాల దెబ్బకే 1996లో ప్రత్యేక దళాల వాళ్లందరి చేతా గోప్యత ఒప్పందం మీద సంతకం పెట్టించడం మొదలెట్టారు. పెట్టకపోతే రెజిమెంట్ నుంచి తీసి పాత యూనిట్‌కు పంపేస్తారు. కోబర్న్ న్యూజిలాండ్ మనిషి, సంతకం పెట్టి తర్వాత బయటకొచ్చాడు. పుస్తకం రాయబోతే బ్రిటన్ ప్రభుత్వం న్యూజిలాండ్ కోర్టుకెక్కింది. అది ప్రివీ కౌన్సిల్ (లండన్‌లోని ఆఖరి అప్పీలు కోర్టు) దాకా పోయి 2003లో తేలింది. బెదిరించి సంతకం పెట్టించారన్న వాదన నిలవలేదు. ‘పాత యూనిట్‌కు పంపుతాం’ అనడం చట్టం దృష్టిలో అక్రమ ఒత్తిడి కాదన్నారు. ఫలితం విచిత్రం: పుస్తకం ఆపలేదు, ఒప్పందం మాత్రం చెల్లుతుంది కాబట్టి లాభం లెక్క ప్రభుత్వానికి అప్పజెప్పాలి. అందుకే అది 2004లో వచ్చింది.

ఒక పాఠకుడిగా దీన్నుంచి నేను తీసుకునేది ఇది. మెక్‌నాబ్, రయాన్ ఒప్పందం లేని కాలంలో, అమ్మకాల కోసం రాశారు. కోబర్న్ డబ్బు మిగలదని తేలాక కూడా పుస్తకం వేశాడు. అతని పుస్తకం రుచిగా ఉండదు, వాక్యాలు చప్పగా ఉంటాయి, కానీ తన పై అధికారుల మీద కోపం తప్ప అతిశయోక్తికి వేరే కారణం లేదు. ఆ కోపాన్ని తీసేసి చదివితే చాలు.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ ముందే పెంటగాన్‌కు చూపించాలి. బిన్ లాడెన్ దాడి మీద 2012లో మార్క్ ఓవెన్ పేరుతో పుస్తకం వేసిన సీల్ చూపించలేదు. 2016లో రాజీకి వచ్చి 60 లక్షల డాలర్లకు పైగా వెనక్కి కట్టాల్సొచ్చింది. మన దగ్గర 2021లో పింఛను నిబంధనలు మార్చి, నిఘా, భద్రతా సంస్థల్లో పనిచేసి రిటైరైనవాళ్లు తమ సంస్థ పని గురించి రాయాలంటే ముందస్తు అనుమతి తీసుకోవాలన్నారు. అది సివిల్ సర్వీస్ నిబంధన, సైన్యానికి ఆర్మీ చట్టం, అధికార రహస్యాల చట్టం వేరే ఉన్నాయి.

తుంగభద్రతీరం

అందరికీ ధన్యవాదాలు. ఇంతకీ కొత్తగా చదివేవాళ్లు ఏ వరసలో చదివితే మంచిది?

కంకరబాట

మెక్‌నాబ్ ముందు, హాయిగా, పెన్సిల్ లేకుండా. తర్వాత కోబర్న్, ఈసారి పెన్సిల్‌తో: ప్రతి దూరం, ప్రతి సమయం పక్కన రాసుకుంటూ. ఆషర్‌ను ఆఖర్న. రయాన్‌ది సరిహద్దు నడక భాగం వరకు చాలు.

వేడినీళ్లు

రయాన్‌ది చదివితే విన్స్ పేజీలు రెండుసార్లు చదవండి. రెండోసారి పక్కన ఒంటి వేడి ఎంత ఉంటుందో అంచనా రాసుకోండి.

మానేరు

నేనైతే ఆ దిగంగనే వాపస్ వచ్చిన దళం నాయకుని గురించి ఎక్కడన్న రాసి ఉంటే చదువుతా. రాట్‌క్లిఫ్ పుస్తకంల ఎన్ని పేజీలున్నయి ఆయన మీద?

ఇసుకతిన్నె

కొన్ని పేరాలే అన్నా. మెచ్చుకున్నాడు, ముందుకు పోయాడు.

ఏరియల్‌తీగ

ఒక్క పని మాత్రం ఇంట్లో కూర్చునే చేయొచ్చు. సిరియా సరిహద్దు దగ్గరున్న అల్ కాయిమ్ ఊరి నుంచి తూర్పుకు యూఫ్రటీస్‌కు దక్షిణంగా ఉపగ్రహ చిత్రంలో చూడండి. చెట్టు ఉండదు, పొద ఉండదు, సన్నని వాగులు తప్ప నీడ ఉండదు. స్కేలు 300 మీటర్లకు పెట్టుకుని, ఒక వాగు మలుపు నుంచి ఎటైనా అంత దూరం జరిపి, నిలబడ్డ మనిషి ఎన్ని వైపుల నుంచి కనిపిస్తాడో లెక్కేయండి. ఆ తర్వాత 28 మీటర్ల తీగ ఎక్కడ కట్టాలో మీరే చెప్పండి.